జపాన్ చేజార్చుకున్న తరం
(ఆర్థికశాస్త్ర విభాగం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకునే వ్యవధి లేదు, మన్నించాలి. ఆహ్వానపత్రంలో ‘ఆధునిక జపాన్ ఆర్థిక వ్యవస్థ, విధాన సవాళ్లు’ అని వేశారు. అందరికీ తెలిసిన కథ ముందు గబగబా చెప్పేస్తాను.

1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు దేశాలు కూర్చుని డాలరు విలువ దించాలని ఒప్పందం చేసుకున్నాయి. డాలరుకు 240 యెన్‌ల దగ్గరున్న మారకం రెండేళ్లు దాటేసరికి 120 దరిదాపులకు వచ్చింది. యెన్ బలపడి ఎగుమతులు దెబ్బతింటాయని అక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ జపాన్, వడ్డీ 2.5 శాతానికి దించింది. చౌకగా దొరికిన అప్పంతా భూముల్లోకి, షేర్లలోకి పోయింది. 1989 డిసెంబరు 29న టోక్యో షేర్ల సూచీ నిక్కీ 38,915 దగ్గర ముగిసింది. మళ్లీ ఆ మెట్టు ఎక్కింది 2024 ఫిబ్రవరిలో! మధ్యలో సున్నా వడ్డీ, మైనస్ వడ్డీ, అప్పటి ప్రధాని షింజో అబే ‘మూడు బాణాల’ ఆర్థిక విధానం, 10 శాతానికి చేరిన వినియోగ పన్ను, జీడీపీకి రెండు రెట్లు దాటిన ప్రభుత్వ రుణం. ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నాయి.

కానీ ఆ కథలో మనుషులే లేరు. ఏ సెమినారుకు వెళ్లినా ‘అక్కడ ముసలివాళ్లు పెరిగారు, పిల్లలు తగ్గారు, ఎవరేం చేస్తారు’ అంటారు, ఏదో ఈ ఏడు వానలు పడలేదన్నట్టు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

1971 నుంచి 1974 దాకా జపాన్‌లో ఏటా 20 లక్షలకు పైగా పిల్లలు పుట్టారు. యుద్ధం అయిపోయిన కొత్తల్లో పుట్టిన తరానికి పిల్లలు వీళ్లు. వీళ్లకు పెళ్లిళ్లయితే 2000 ప్రాంతంలో జననాలు మూడోసారి పెరగాలి. పెరగలేదు. 2024లో పుట్టినవాళ్లు 7 లక్షలు కూడా లేరు. ఎందుకని?

1973లో పుట్టిన పిల్లవాడు పట్టా పుచ్చుకునేది 1996లో. అక్కడ చదువు ఆఖరి ఏడాదిలోనే కంపెనీలు పిల్లల్ని ఎంచుకుంటాయి. ఏప్రిల్ 1న అందరూ ఒకేసారి చేరతారు. ఆ ఏప్రిల్ తప్పిందా, మరుసటి ఏడు కొత్త బ్యాచ్ వచ్చేస్తుంది, మీరు పాతబడిపోతారు. భూములు, షేర్ల ధరల బుడగ పగిలాక కంపెనీలు లోపలివాళ్లను తీసేయడం కష్టమై, కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గించేశాయి. 1991లో పట్టా పుచ్చుకున్న ప్రతి 100 మంది ఉద్యోగార్థులకూ 286 ఖాళీలుండేవి. 2000 నాటికి 99. 1997 నవంబరులో వందేళ్ల షేర్ల వ్యాపార సంస్థ యమాయిచి సెక్యూరిటీస్ మూతపడినప్పుడు దాని అధ్యక్షుడు షోహెయి నొజావా, తప్పు ఉద్యోగులది కాదు, మాదే అని విలేకరుల ముందు ఏడ్చాడు. దేశమంతా చూసింది. మరి ఆ ఏడు ఇంటర్వ్యూకు పిలుపే రాని పిల్లల కోసం ఎవరు ఏడ్చారు?

అధ్యక్షులవారు చీటీ పంపారు. ద్రవ్య విధానం మీద రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెడుతున్నాను. ఇది మాత్రం చెప్పనివ్వండి.

1999లో ఏజెన్సీల ద్వారా తాత్కాలిక కార్మికుల్ని పెట్టుకునే చట్టాన్ని దాదాపు అన్ని పనులకూ తెరిచారు. 2004లో కార్ఖానాలకూ తెరిచారు. వాళ్లలో చాలామందికి కంపెనీ ఇచ్చిన గదే ఇల్లు. 2008లో ప్రపంచ ఆర్థిక సంక్షోభం రాగానే పనీ పోయింది, గదీ పోయింది. జపాన్‌లో కొత్త సంవత్సరమంటే మన సంక్రాంతంత పండగ, ఎక్కడివాళ్లయినా ఇంటికి చేరతారు. ఆ డిసెంబరు 31న టోక్యో హిబియా పార్కులో, కార్మిక శాఖ కార్యాలయం ఎదురుగానే, స్వచ్ఛంద కార్యకర్తలు గుడారాలు వేసి, గంజి కాచి పోశారు. దాదాపు 500 మంది వచ్చారు. గుడారాలు చాలక జనవరి 2 రాత్రి ఆ శాఖే తన హాలు తలుపులు తీయాల్సి వచ్చింది.

ముందు వరసలో ఉన్న ఫైనలియర్ పిల్లలూ, మీకే చెబుతున్నాను. ఆ తరంవాళ్లు చదువులో వెనకబడ్డవాళ్లు కారు. తప్పు ఏడాదిలో పాసయ్యారు, అంతే. 2019లో తకరజుకా అనే ఊరి మునిసిపాలిటీ ఈ తరానికేనని 3 ఉద్యోగాలు ప్రకటిస్తే 1,800 మందికి పైగా దరఖాస్తు పెట్టారు. అప్పటికి వాళ్లకు నలభై ఏళ్లు, అటూ ఇటూ. ఉద్యోగం నిలకడ లేనివాడికి పిల్లనెవరిస్తారు? పిల్లలెలా పుడతారు? దీన్ని పట్టుకుని జనాభా సమస్య అంటున్నారు!

2024లో యూనియన్లు సాధించిన జీతాల పెంపు 5 శాతం దాటింది, అప్పటికి 33 ఏళ్లలో అదే ఎక్కువ. అది చూసుకునే బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్ కాజువో ఉయెదా మైనస్ వడ్డీ ఎత్తేశారు. బాగుంది. కానీ తాత్కాలిక పనుల్లో ముప్పయ్యేళ్లు గడిపినవాడికి ఏ యూనియన్ ఉంది? అక్కడ పూర్తి మూల పింఛనుకు 40 ఏళ్ల చందా కట్టాలి. అరకొర జీతంలో ఎన్నేళ్లు కట్టగలిగాడో ఆలోచించండి. 1973లో పుట్టినవాడికి 2038లో 65 నిండుతాయి.

వీళ్ల పింఛను సంగతి ఎత్తితే, ప్రభుత్వ రుణం పెరిగిపోయింది, డబ్బెక్కడిది అంటారు. 1999 మార్చిలో 15 పెద్ద బ్యాంకులను నిలబెట్టడానికి దాదాపు 7.5 లక్షల కోట్ల యెన్‌ల ప్రజాధనం పోశారు. అప్పుడెక్కడిదో ఇప్పుడూ అక్కడిదే. పనిలేని ఏళ్లలో ఈ తరం కట్టలేకపోయిన పింఛను చందాను ప్రభుత్వమే కట్టాలి, 2038 రాకముందే కట్టాలి. మీలో ఎవరైనా కాదంటే లేచి చెప్పండి, వింటాను.