ఎండ వేరు, ఉడుకపోత వేరు

వ్యాఖ్యాత: నమస్కారం. వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఇంటింటా వినిపించే ‘ఉడుకపోత’ అనే మాట గురించి ఈ భాగంలో మాట్లాడుకుందాం. సార్, పత్రికలు ‘ఉక్కపోత’ అని రాస్తాయి, మన ఇళ్లలో మాత్రం ‘ఉడుకపోస్తుంది’ అంటారు. రెండూ ఒకటేనా?

తెలుగు ఉపాధ్యాయుడు: అర్థం ఒకటేనమ్మా, అయితే మన మాటలో దాని పుట్టుక పైకే కనిపిస్తుంది. కోయు నుంచి కోత, మేయు నుంచి మేత వచ్చినట్టే పోయు నుంచి పోత వచ్చింది. ఇక ఉడుకు సంగతి చూడండి. నూనెలో వేగుతుంది, నిప్పు మీద కాలుతుంది, ఎండలో ఎండుతుంది, కానీ తడి లేనిదే ఏదీ ఉడకదు. గాలిలో తేమ పెరిగి, చెమట ఆరక, ఒళ్లంతా జిడ్డుగా మారే స్థితికి ఇంతకన్నా సరైన మాట నాకు కనిపించలేదు.

వ్యాఖ్యాత: మరి మే నెలలో మనకు ఉండేది పొడి వేడి కదా?

ఉపాధ్యాయుడు: దానికి వేరే మాటలున్నాయి. మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు కాస్తాయని, వడగాడ్పు కొడుతుందని అంటాం. ఎండ అనే మాటలోనే ‘ఎండు’ ఉంది. జూన్‌లో మృగశిర వచ్చాక, మబ్బు పట్టి వాన పడని పూట, ఉష్ణోగ్రత తగ్గినా ఉడుకపోత పెరుగుతుంది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆ పని సాగదు. మైదాన ప్రాంతాలలో కనీసం 40 డిగ్రీలు దాటితే గానీ వాతావరణ శాఖ వడగాలులను పరిగణించదు, కాబట్టి 36 డిగ్రీల మబ్బు పూట ఆ లెక్కలోకి రాదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే మాత్రం ఆ పూటే ఎక్కువ కష్టమంటారు.

వ్యాఖ్యాత: జ్వరం వస్తే ‘పెయ్యి ఉడుకుగున్నది’ అంటాం, స్నానానికి ఉడుకు నీళ్లంటాం.

ఉపాధ్యాయుడు: కోస్తావారు వేడి అనే చోట మనం తరచుగా ఉడుకు అంటాం. అక్కడ తడి అర్థం వెనకబడి, వేడి ఒక్కటే మిగిలింది.

వ్యాఖ్యాత: వేసవికి మన పక్క పాత మాటేమైనా ఉందా?

ఉపాధ్యాయుడు: వేసంగి. కన్నడంలో బేసిగె దాని చుట్టమే. మన పల్లెల్లో వేప యాప అవుతుంది, వేళ యాళ అవుతుంది. ఆ దారినే వేసంగి యాసంగిగా మారి పంటకు పేరైంది. నాట్లు చలిలోనే పడతాయి గానీ, కోతలు ఏప్రిల్ ఎండల్లోనే సాగుతాయి కనుక ఆ పేరు పంటకు తగినదే.