9999కు లక్షలు పోసేటోళ్లారా, అసలు ఫ్యాన్సీ నంబర్ ఇది!

నమస్తే అన్నలూ, అక్కలూ! హన్మకొండ నుంచి మళ్లొచ్చిన. పోయిన వీడియోల నేనన్నది ఒక్క మాట. బండికి 9999 కావాల్నని వేలంపాటల లక్షలు పోసుడు దండుగ, అసలైన ఫ్యాన్సీ నంబర్ అంటె ప్రధాన సంఖ్యనే (1, తను తప్ప ఇంకేదీ భాగించలేనిది) అన్న. అబ్బో, కామెంట్లల్ల ఎంత లొల్లి! ఒకాయన "నీకు కొనే తాకత్ లేక ఏడుస్తున్నవ్" అన్నడు. లేదన్నా, నిజంగనే లేదు. అయినా నేను తగ్గ!

9999ల ఏమున్నది? 9, 11, 101. మూడింటిని గుణిస్తే అయిపాయె. జెర కిందికి రాండ్రి, 9973 ఉన్నది. నాలుగంకెలల్ల అన్నింటికన్న పెద్ద ప్రధాన సంఖ్య. దేనితోని కొట్టినా పగలది. దానికోసం పాట పాడినోన్ని నేనైతే సూడలే!

సరే, ఇయ్యాల ఇంకా పెద్దదాన్ని పట్టుకొచ్చిన. 2147483647. రెండువందల పద్నాలుగు కోట్ల సిల్లర. 31 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వస్తది. ఇది గూడ పగలది. ఎవలు చెప్పిండ్రు? ఆయిలర్ అనే లెక్కల పండితుడు! ఆయనేమన్న చిన్నోడా? 4294967297 ప్రధాన సంఖ్యనే అని ఫెర్మా అంతటి లెక్కల పండితుడు నమ్మితె, 1732ల దాన్ని 641తోని రెండు ముక్కలు చేసినోడు. పగలగొట్టుడుల ఉస్తాద్. గా ఉస్తాదే 1772ల దీన్ని పట్టుకోని, ఇది పగలదు అన్నడు. అప్పటికి ఆయనకు కండ్లు దాదాపు కనవడయి!

ఎట్ల తేల్చిండంటె, 46340 దాకా సూస్తె చాలు, వర్గమూలం ఆడ్నే ఆగుతది. అందుల గూడ అన్నింటినీ ముట్టలే. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఉంటె, 248తోని భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలె. లెక్క 372 భాగహారాలకు దిగింది. కంప్యూటర్ లేని కాలంల!

ఇగ న్యూమరాలజీ అన్నలు. "అంకెలు కూడితె 46, మళ్ల కూడితె 10, ఆఖరుకు 1, సూర్యుడి నంబర్" అంటున్నరు. ఆగుండ్రి. ఇదే సంఖ్యను కంప్యూటర్ రాసుకునే లెక్కల, సున్నాలు ఒకట్లతోని రాస్తె, వరుసగా 31 ఒకట్లు. కూడితె 31, అంటె 4. సూర్యుడు పోయి రాహువొచ్చె! రాసే తీరు మారితె గ్రహం మారుతది. ప్రధాన సంఖ్య మాత్రం ఎట్ల రాసినా ప్రధాన సంఖ్యనే. గిది కదా అసలు బలం!

1811ల బార్లో అని ఒక ఇంగ్లీషు పండితుడు, దీంతోని వచ్చే పరిపూర్ణ సంఖ్య (తనను భాగించే తనకన్న చిన్న సంఖ్యలన్నీ కూడితె మళ్ల తనే వచ్చేది) కన్న పెద్ద పరిపూర్ణ సంఖ్య బహుశా ఎన్నడూ దొరకదు, పనికిరాని దానికి ఎవలు తిప్పలు పడ్తరు అని రాసిండు. పనికిరాదట! పాత 32 బిట్ల కంప్యూటర్లు 1970 నుంచి సెకండ్లు లెక్కవెట్టుకుంట ఈ నంబర్ కాడికే వస్తున్నయి. 2038 జనవరి 19, మంగళారం, మన టైం పొద్దుగాల 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు నిండుతది. సరిచేయని మిషిన్ల మరు సెకండుకే 1901 అయితది. 1901 అంటె ఆరో నిజాం జమాన! కరెంటు బిల్లు ఎవల పేరు మీదొస్తదో!

అందుకే మళ్ల చెప్తున్న, వేలం పెడితె ప్రధాన సంఖ్యలకే పెట్టాలె. కాదన్నోళ్లు 2147483647ను పగలగొట్టి కామెంట్ల పెట్టుండ్రి. 641 అని మాత్రం పెట్టకుండ్రి, గది ఫెర్మాది!