కొనేదాన్ని, కొంప్రరీయా

శ్రోతలందరికీ నమస్కారమండి. ఈరోజు స్పానిష్ గురించి మాట్లాడుకుందాం, అందులోనూ ఒకే ఒక్క క్రియారూపం గురించి, కండిషనల్ అంటారు దాన్ని. పేరు విని ఇదేదో గ్రామర్ క్లాస్ అనుకుని రేడియో కట్టేయకండి, ఇది మనం ఇంట్లో రోజూ వాడే మాటే. "చేతిలో డబ్బులుంటే ఆ ఇల్లు కొనేదాన్ని" అంటాం కదా, ఆ "కొనేదాన్ని" ఉంది చూడండి, అదే.

ఇంకో వాక్యం చెప్తాను. "చిన్నప్పుడు వీధి చివర కొట్లో రోజూ జీళ్ళు కొనేదాన్ని." ఇక్కడా "కొనేదాన్ని" అనే అన్నాను. మొదటిది అసలు జరగనే లేదు, వట్టి ఊహ, రెండోది నిజంగా రోజూ జరిగిన అలవాటు. తెలుగులో రెండిటికీ రూపం ఒకటే, వాక్యంలో "ఉంటే" ఉందో "రోజూ" ఉందో చూసుకుని మనం ఇట్టే పట్టేస్తాం. స్పానిష్ వాళ్ళు మాత్రం ఈ రెండిటినీ కలపరు. ఊహలో కొనడం కొంప్రరీయా, రోజూ కొనడం కొంప్రాబా. నేను స్పానిష్ చెప్పేటప్పుడు మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఇంగ్లీష్ మీదుగా వెళ్దామన్నా లాభం లేదు, వాళ్ళ "వుడ్" కూడా రెండు పనులూ చేస్తుంది కదా. అందుకే నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగి ఇది అలవాటా, ఊహా అని మిమ్మల్ని మీరే అడగండి అని చెప్తుంటాను.

సరే, ఊహ రూపం ఎలా కడతారో చూద్దాం. మాట్లాడటం అబ్లార్, తినడం కొమేర్, బతకడం బిబీర్. స్పానిష్ క్రియలన్నీ ఇలా ఆర్, ఏర్, ఈర్ అనే మూడు చివర్లలో ఏదో ఒకదాంతోనే ముగుస్తాయి, వర్తమానంలో అయితే ఆ చివర కోసేసి వేరేది అతికించాలి, మూడు రకాలకీ వేర్వేరు పట్టికలు గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ ఆ కోత లేదు. క్రియ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఉంచేసి వెనక తోక తగిలించడమే, మూడు రకాలకీ అదే తోక. నేనైతే ఈయా, నువ్వయితే ఈయాస్, అతనైనా ఆమె అయినా ఈయా, మేమైతే ఈయామోస్, మీరంతా అయితే ఈయాయిస్, వాళ్ళయితే ఈయాన్. అబ్లరీయా, కొమెరీయా, బిబిరీయా. ఒక్కసారి పైకి అని చూడండి, బలం ఆ "ఈ" మీదే పడాలి, రాసేటప్పుడు ఆరు రూపాల్లోనూ దాని మీద చిన్న గీత పెట్టాలి. "మీరంతా" రూపం స్పెయిన్‌లోనే, లాటిన్ అమెరికాలో దాని బదులు "వాళ్ళ" రూపమే వాడేస్తారు. పెద్దవాళ్ళని మర్యాదగా "మీరు" అనడానికి ఉస్తేద్ అనే మాట ఉంది, దానికి "ఆయన" రూపం వస్తుంది. క్రియ మధ్యలో కాస్త మారేవి ఓ డజను ఉన్నాయి, తెనేర్ తెండ్రీయా అవుతుంది, అసేర్ అరీయా అవుతుంది, వాటికీ తోకలు ఇవే.

ఈ తోక ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే ఇక మర్చిపోరు. స్పానిష్ పుట్టింది లాటిన్ నుంచే. లాటిన్‌లో "పాడటం" అనే మాట పక్కన "నాకు ఉండేది" అనే అర్థమిచ్చే క్రియ పెట్టి మాట్లాడేవాళ్ళు, మనం "పాడాల్సి ఉండేది" అన్నట్టన్నమాట. ఆ "ఉండేది" స్పానిష్‌లో అబీయా అయింది, వాడగా వాడగా ముందు భాగం అరిగిపోయి ఈయా మిగిలింది. ఒకప్పుడు ఈ రెండు ముక్కలూ విడివిడిగానే ఉండేవి, మధ్యలో ఇంకో మాట కూడా దూరేది. సిద్ అనే యోధుడి మీద సుమారు 800 ఏళ్ళ నాటి స్పానిష్ వీరగాథ ఒకటి ఉంది, అందులో రాజు వెళ్ళగొట్టిన సిద్ బుర్గోస్ ఊరికి వస్తాడు, అతన్ని ఇంటికి పిలవాలని అందరికీ ఉంటుంది కానీ రాజుకి భయపడి ఎవరూ పిలవరు. "సంతోషంగా పిలిచేవాళ్ళే" అనే చోట పిలవడం, అతన్ని, ఈయెన్ అని మూడు ముక్కలుగా ఉంటుంది, ఆ ఈయెనే ఇప్పటి ఈయాన్. ధైర్యం చాలక ఆగిపోయిన ఊరంతటి బాధ ఆ చిన్న తోకలో ఉంది, నాకు చాలా ఇష్టమైన చోటు అది.

ఇక అసలు జాగ్రత్త. కొంప్రాబా, కొంప్రరీయా వినడానికే వేరుగా ఉన్నాయి, గొడవ లేదు. ఏర్, ఈర్ క్రియల్లో అలవాటు రూపం కూడా ఈయా అనే ముగుస్తుంది. రోజూ తినేదాన్ని అంటే కొమీయా, ఉంటే తినేదాన్ని అంటే కొమెరీయా. మధ్యలో ఆ "ఎర్" ఒక్కటే తేడా, అది మింగేస్తే అర్థం మారిపోతుంది. బిబీయా అంటే అక్కడ ఉండేదాన్ని, బిబిరీయా అంటే వీలైతే అక్కడ ఉండేదాన్ని.

"ఉంటే" భాగంలో మాత్రం ఈ రూపం పెట్టకూడదు. సి తుబియేరా దినేరో, కొంప్రరీయా ఉన కాసా. డబ్బుంటే ఇల్లు కొనేదాన్ని. ఆ తుబియేరా వేరే రూపం, దాని కథ ఇంకోరోజు చెప్పుకుందాం. ఆశ్చర్యమేంటంటే స్పెయిన్ ఉత్తరాన, బాస్క్ ప్రాంతంలో, మనం ఇందాక చెప్పుకున్న బుర్గోస్ వైపు కూడా చాలామంది మాటల్లో ఆ "ఉంటే" భాగంలో కూడా తెండ్రీయా అనేస్తారు. పుట్టినప్పట్నుంచీ వాళ్ళ నోట ఉన్న మాట అది, దాన్ని తక్కువ చేసి చూడటం నాకు నచ్చదు, కాకపోతే పరీక్షలో మీరు రాస్తే మార్కులు పోతాయి.

మర్యాదకి కూడా ఇదే రూపం. మనకి "అండి" ఉంది, "కాస్త" ఉంది, వాళ్ళు ఆ మెత్తదనాన్ని క్రియలోనే పెట్టేస్తారు. నాకు ఫలానాది కావాలి అనకుండా మే గుస్తరీయా అంటారు, ఉంటే బాగుణ్ణు అన్నట్టు. సలహా ఇవ్వడానికి దెబెరీయాస్ దెస్కన్సార్, నువ్వు కాస్త రెస్ట్ తీసుకుంటే మంచిది. ఇంట్లో అమ్మ చెప్పినట్టు ఉంటుంది వినడానికి.

ఇంకోటి, ఇది మనవాళ్ళకి అస్సలు తట్టదు. "ఫోన్ చేస్తానన్నాడు" అంటాం, అతని మాట అతను అన్నట్టే ఉంచేస్తాం. వాళ్ళు దీహో కే యమరీయా అంటారు, అన్న రోజు గడిచిపోయింది, చేయడం ఆ రోజుకి ఇంకా ముందుంది. అందుకే వెనెజులాలో పుట్టిన ఆంద్రెస్ బెయ్యో 1847లో చిలీలో వేసిన వ్యాకరణంలో దీనికి పోస్ప్రెతేరితో అని పేరు పెట్టాడు, అంటే గతం తర్వాతది అని. ఆ పేరే నాకు కండిషనల్ కన్నా నిజంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఈ వాక్యంలో కండిషన్ ఎక్కడుంది చెప్పండి.

చివరగా గడిచినదాని మీద అంచనా. "నిన్న వాళ్ళొచ్చేసరికి పదయ్యుంటుంది" అనాలంటే సెరీయాన్ లాస్ దియేస్. పది కొట్టిందో లేదో ఎవరూ గడియారం చూడలేదు, అంతే. ఇప్పుడు నా టైమ్ కూడా అయిపోయింది, నమస్కారం.