క్యాప్సైసిన్ ఎంత మోతాదులో క్యాన్సర్ కణాన్ని చంపుతుంది?

అందరికీ నమస్కారం.

మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థం క్యాప్సైసిన్. అది ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను చంపుతుందన్న మాట 2006లో, లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ వైద్య కేంద్రం పరిశోధనతో ప్రపంచమంతా పాకింది. మనిషి క్యాన్సర్ కణాలైన పీసీ-3ని ఎలుకల్లో పెంచి, కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున క్యాప్సైసిన్‌ను వారానికి మూడు రోజులు, నాలుగు వారాలు నోటి ద్వారా ఇచ్చారు. మందు అందని ఎలుకల్లో కణితి సగటున 336 ఘన మిల్లీమీటర్లు, అందినవాటిలో 75. తూకంలో మాత్రం 373 మిల్లీగ్రాములు, 203. ఘనపరిమాణం నాలుగో వంతుకు దిగితే బరువు సగానికి పైనే నిలిచింది. ఈ రెండు అంకెల్నీ కలిపే చదవాలి.

కణం చచ్చే తీరు ఇదీ. బతికి ఉండమని సంకేతాలిచ్చే ఎన్‌ఎఫ్-కప్పా-బి ప్రొటీన్ పని కుంటుపడుతుంది. చురుకైన ఆక్సిజన్ అణువులు పెరుగుతాయి, మైటోకాండ్రియా పొర మీది విద్యుత్ తేడా పడిపోతుంది, కాస్పేజ్-3 ఎంజైమ్ రంగంలోకి దిగి కణాన్ని లోపలి నుంచే కూల్చేస్తుంది. నాలుక మీద మంటను పసిగట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని మూసేసినా పీసీ-3 కణాల చావు ఆగలేదు.

మోతాదు దగ్గరే చిక్కంతా. క్యాప్సైసిన్ అణుభారం 305.4. అందులో 30.5 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటరు డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, వెయ్యి రెట్లు పలచన చేస్తే 100 మైక్రోమోలార్ గాఢత వస్తుంది. ప్రయోగశాల గిన్నెలో కణాలు చచ్చేది ఇంచుమించు ఇలాంటి స్థాయిల్లోనే. అంటే మిల్లీలీటరుకు 30,500 నానోగ్రాములు! 26.6 మిల్లీగ్రాముల క్యాప్సైసిన్ ఉన్న మిరప పొడిని మనుషులకిచ్చి చూస్తే, రక్తంలో గరిష్ఠంగా కనిపించింది మిల్లీలీటరుకు 2.5 నానోగ్రాముల లోపే. అందులో సగం 25 నిమిషాల్లో మాయమైంది. పన్నెండు వేల రెట్ల తేడాను తిండితో పూడ్చలేం.

ప్రయోగం చేసేవాళ్లకు రెండు మాటలు. క్యాప్సైసిన్ మైటోకాండ్రియాలోని మొదటి ఎంజైమ్ సముదాయాన్నే అడ్డుకుంటుంది. బతికున్న కణాల్ని రంగుతో అంచనా వేసే ఎంటీటీ పరీక్ష కొలిచేది కణం జీవక్రియనే. కాబట్టి రంగు తగ్గితే కణం చచ్చిందనుకోవద్దు, చస్తున్న కణాల్ని గుర్తుపట్టే అనెక్సిన్-వి రంగుతోనూ కణాల లెక్కతోనూ సరిచూడండి. ఎల్‌ఎన్‌క్యాప్ అనే మరో రకం ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు గిన్నె అడుగున గట్టిగా అంటుకోవు. గట్టిగా కడిగితే బతికున్నవీ కొట్టుకుపోయి మందు పనిచేసినట్టు కనిపిస్తుంది. డీఎంఎస్‌ఓ మాత్రమే వేసిన గిన్నె పక్కన ఉండి తీరాలి.

ఆ ఎల్‌ఎన్‌క్యాప్ కణాల్లోనే, తక్కువ మోతాదు క్యాప్సైసిన్ ఆండ్రోజెన్ (పురుష హార్మోన్) గ్రాహకాన్ని పెంచుతుందని 2009లో వెల్లడైంది. ఆ గ్రాహకాన్ని అణచడానికే కదా హార్మోన్ చికిత్స! అందుకే చికిత్సలో ఉన్నవారు మిరప క్యాప్సూళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు. ఇప్పటికే వాడుతుంటే మీ క్యాన్సర్ వైద్యుడికి చెప్పండి.