గీతల గొడవ మళ్ళీ మొదలైంది

సుధ: నమస్కారం. ఈసారి అంశం, చుట్టూ ఉన్న మనుషులు మన విలువల్ని, మన ప్రవర్తనని, నేనెవరన్న భావాన్ని ఎలా తయారుచేస్తారనేది. గీతల ప్రయోగం ఊసెత్తనని వంశీ ముందే మాటిచ్చాడు.

వంశీ: మొదటి సగంలో ఎత్తనన్నాను.





సుధ: సరే. మనకు ఏది తప్పు, ఏది ఒప్పు అనిపిస్తుందో అదంతా మనం తీరిగ్గా కూర్చుని తేల్చుకున్నది కాదు. ఇంట్లో చూసి కొంత, స్నేహితుల్ని చూసి కొంత, ఆఫీసులో పక్క సీటువాళ్ళని చూసి కొంత. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా అని ఊరికే అన్నారా?

వంశీ: అదిగో, అక్కడే నాకు పేచీ. మనుషులంతా గొర్రెల మంద అని తేల్చెయ్యడానికి అందరికీ ఆ సామెత ఒకటి, సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకడు దొరికారు.

సుధ: రెండు నిమిషాలు కూడా కాలేదు వంశీ!

వంశీ: కొత్తగా వినేవాళ్ళు ఉంటారు కదా తల్లీ. 1951లో అచ్చయిన ప్రయోగం. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు. ఆ మూడింట్లో మొదటిదానికి సమానమైనది ఏదో పైకి చెప్పాలి. గదిలో ఒక్కడు తప్ప అందరూ ఆష్ మనుషులే. 18 సార్లు అడిగితే 12 సార్లు వాళ్ళంతా కావాలనే ఒకే తప్పు జవాబు చెబుతారు.

సుధ: పాపం ఆ ఒక్కడు నోరు మూసుకుని వాళ్ళతో కలిసిపోతాడు. తెలుసు.

వంశీ: కలిసిపోతాడా? ఆ 12 సార్లలో గుంపు వైపు మొగ్గిన జవాబులు మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మిగతావన్నీ సరైన జవాబులే! సుమారు పాతిక శాతం మంది ఒక్కసారి కూడా లొంగలేదు. ఆ పాతిక శాతం గురించి ఎవరూ మాట్లాడరు.

సుధ: ఎదురుగా కనిపించే గీత వంశీ అది. ఒంటరిగా చూసినప్పుడు దాదాపు ఎవరూ తప్పు చెప్పలేదు. అలాంటి దాంట్లో నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా లొంగారంటే, గీతలా కొలవడానికి వీల్లేని విషయాల్లో మనం ఎంతగా లొంగుతామో చూడు. ఎవరు మంచివాళ్ళు, దేనికి సిగ్గుపడాలి, ఎంత సంపాదిస్తే పరువు... వీటికి కార్డు ఎక్కడుంది?

వంశీ: లొంగడం వేరు, మారడం వేరు. జవాబు కాగితం మీద రాసి ఇమ్మంటే తప్పులు బాగా తగ్గిపోయాయి. అంటే కళ్ళు సరిగ్గానే చూశాయి, నోరే జంకింది.

సుధ: అందరికీ అలా కాదు. తర్వాత అడిగితే కొందరు, తమ చూపులోనే ఏదో లోపం ఉందనుకున్నామని చెప్పారు. అది నోటి భయం కాదు కదా, లోపలికి దిగినట్టే.

వంశీ: కొందరు.

సుధ: ఆ కొందరి గురించి నేను మాట్లాడకూడదా? నీ పాతిక శాతానికి మాత్రం గంట కావాలి!

వంశీ: సరే, సరే. అయితే ఇది చెప్పు. పక్కన ఒక్కడు నిజం చెబితే చాలు, గుంపు వైపు మొగ్గడం 5 శాతం దగ్గరికి పడిపోయింది. వాడు నిజం చెప్పకపోయినా, గుంపు చెప్పని ఇంకో తప్పు చెప్పినా తగ్గింది. ఏకాభిప్రాయంలో చిన్న సందు దొరికితే చాలు.

సుధ: ఆ తోడు మధ్యలో గుంపువైపు మారితే మళ్ళీ తప్పులు పెరిగాయని కూడా చెప్పు. అంటే ఆ ధైర్యం కూడా పక్కవాడి దగ్గర అరువు తెచ్చుకున్నదే.

వంశీ: (నిశ్శబ్దం) ...ఈ మాట బావుంది.

సుధ: మొన్న ఒక మీటింగులో "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగారు. ఒకరు పెన్ను మూత తీసి పెడుతున్నారు, ఒకరు ఫోను బోర్లించి పెట్టారు. అందరికీ సమ్మతమే అనుకున్నాను. లిఫ్టు దగ్గర ఇద్దరు నా పక్కకు వచ్చి, "మాకూ నచ్చలేదండీ" అన్నారు. మా అందరికీ ఎదుటివాళ్ళ మొహాలే సాక్ష్యం. ఆ మొహాలేమో మమ్మల్ని చూస్తున్నాయి.

వంశీ: నువ్వేమన్నావు వాళ్ళతో?

సుధ: ఏమంటాను, లిఫ్టు వచ్చింది.

వంశీ: స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాల్లోనూ ఇదే కథ. ఎదుటివాడికి కరెంటు షాకు ఇమ్మంటే 40 మందిలో 26 మంది చివరి స్విచ్చు దాకా వెళ్ళారు. నిజానికి షాకు లేదు, నొక్కేవాళ్ళకు మాత్రం అది తెలియదు. పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చెయ్యం" అని లేచిన ఇంకో ప్రయోగంలో, 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్ళారు.

సుధ: అయితే గుంపు చెడ్డది కాదు, దాంట్లో ఎవరున్నారన్నదే ముఖ్యం అంటావు.

వంశీ: ఎవరు ముందు నోరు విప్పారన్నది.

సుధ: మన అసలు అంశంలో, నేనెవరు అన్న భావం గురించి ఇంకా ఏమీ మాట్లాడలేదు. త్వరగా టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగం ఒక్కటి. 1971లో అచ్చయింది. కుర్రాళ్ళని ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్న వంకతో రెండు జట్లు చేశారు. నిజానికి జట్లని ఇష్టమొచ్చినట్టు విడదీశారు. అయినా రెండు జట్లవాళ్ళకీ డబ్బు పంచమంటే, సొంత జట్టుకే ఎక్కువ ఇచ్చారు. తమ జట్టుకు కొంచెం తగ్గినా ఫరవాలేదు, అవతలి జట్టు కంటే ఎక్కువుంటే చాలనుకున్నారు.

వంశీ: వాళ్ళలోనూ అలా చెయ్యనివాళ్ళు...

సుధ: వద్దు! పాతిక శాతం వద్దు.

వంశీ: అది కాదు. అందుకే మీటింగుల్లో చెయ్యెత్తమనకుండా చీటీ రాయించాలంటాను.

సుధ: చీటీలో నిజం రాసి బయట తల ఊపితే, పక్కవాడికి తోడెలా దొరుకుతుంది? నువ్వే కదా సందు కావాలన్నావు!

వంశీ: ఉద్యోగం పోతే ఆ సందులో ఎవరు కూర్చుంటారు?

సుధ: అదే ఆలోచిస్తున్నాను. లిఫ్టు దగ్గర ఆ ఇద్దరిలో ఒకావిడ చేరి కొన్నాళ్ళే అయింది. ఆవిడ ఎందుకు మాట్లాడలేదో అర్థమవుతుంది. రెండో ఆయనకి అలాంటి భయమేమీ లేదు. ఆయనని అడగాలి.

వంశీ: అడుగుతావా?

సుధ: చూద్దాం. టైమైపోయింది, ఆపు.