బజ్జీల పొట్లంలో దొరికిన పాఠకుడు

అందరికీ నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తాం. వ్యాసరచన పోటీ పెట్టి బహుమతులిస్తాం. వేదికెక్కేది దాదాపు ఆడపిల్లలే. మగపిల్లలు వెనక నిలబడి ఈలలేసి వెళ్లిపోతారు. ‘వీళ్లకి పుస్తకం పడదండీ’ అని మనం తేల్చేస్తాం. తెలుగు మాస్టారుగా నేనూ చాలా ఏళ్లు ఆ మాటే అన్నాను.

ఇది మన ఊరి గొడవే కాదు లెండి. 2018లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టిన పీసా అనే అంతర్జాతీయ పరీక్షలోనూ చదవడంలో ఆడపిల్లలదే పైచేయి. ఓఈసీడీ అనే ఆర్థిక కూటమి దేశాల సగటున తేడా 30 పాయింట్లు.

మా బడిలో ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. వాచకం చదవమంటే మూడో వాక్యానికే నీళ్లు నమిలేవాడు. ఓ రోజు మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని, బజ్జీలు తినేసిన పొట్లం విప్పి, నూనె మరకల మధ్య వేలు పెట్టుకుంటూ క్రికెట్ వార్త చదువుతున్నాడు. కాగితం చిరిగినచోట ఆగి, నన్ను చూసి, ‘తర్వాతేమైంది సార్?’ అన్నాడు.

ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పాను. నన్ను ఆ ప్రశ్న అడిగినవాడు లేడు.

మర్నాడు లైబ్రరీ బీరువా తాళం తీయించాను. అది ఎందుకు మూసి ఉంటుందో ఇక్కడున్న మాస్టార్లకు చెప్పక్కర్లేదు. పుస్తకం పోతే స్టాకు రిజిస్టరు మన మెడకు చుట్టుకుంటుందని భయం. లోపల పాత చందమామలు దొరికాయి. 1947లో మొదలైన పత్రిక, ఈ పిల్లల తాతలు చదివింది. అయినా మగపిల్లలు బేతాళ కథల మీద పడ్డారు. ఎందుకో ఆలోచిస్తే నవ్వొచ్చింది. మనం కథ అవగానే ‘ఇందులో నీతి ఏమిటి?’ అని నిలబెడతాం. బేతాళుడు నీతి అడగడు, తగువు పెడతాడు. ముగ్గురిలో ఎవరు గొప్ప, తప్పెవరిది, చెప్పు! మా వాళ్లు విక్రమార్కుడి జవాబు చదవకుండా పేజీ మూసి, ముందు తాము కొట్లాడుకునేవాళ్లు. నేను నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. అన్నిటికంటే కష్టమైంది అదే.

ఆ ఏడాది చివర లెక్క చూస్తే రెండు పుస్తకాలు తగ్గాయి. ఒకటి ఆ బజ్జీల కుర్రాడి దగ్గరే ఉందని నాకు తెలుసు. రెండింటి ధరా నేనే కట్టేశాను. వాణ్ణి అడగలేదు.