నీరు ఆపకుండా మరమ్మతు: క్రిప్టోగ్రఫీ లైబ్రరీని పరీక్షించడం, నిలబెట్టడం

(భీమవరంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

మా తాతగారు పశ్చిమ డెల్టా కాలువ మీద లస్కరుగా పనిచేశారు. లాకుల తలుపులు తెరవడం, మూయడం, తూములు కనిపెట్టుకుని ఉండటం, వరద రోజుల్లో లాంతరు పట్టుకుని ఏటిగట్టు మీద తిరగడం ఆయన ఉద్యోగం. నేను పదేళ్లకు పైగా ఒక ఓపెన్ సోర్స్ క్రిప్టోగ్రఫీ లైబ్రరీకి, అంటే సందేశాలను మరుగుపరచడానికి, సంతకాలు సరిచూడటానికి ఎవరైనా వాడుకోగల కోడ్ సంపుటికి, నిర్వాహకుల్లో ఒకడిగా ఉన్నాను. నీ పనేమిటని ఊళ్లో పెద్దలు అడిగినప్పుడు, వివరించే ఓపిక లేక, తాతగారి పనేనండీ అని తప్పించుకుంటూ ఉంటాను. ఆ మాట సగమే నిజం. ఆయనకు ఏటా వేసవిలో కాలువలు కట్టేసే రోజులుండేవి. అప్పుడు పూడిక తీసి, గుర్రపుడెక్క లాగి, తుప్పు పట్టిన షట్టర్లు బాగుచేసి, సార్వాకు మళ్లీ నీరు వదిలేవారు. మాకు ఆ విరామం లేదు. బ్యాంకు యాప్‌లు, బ్రౌజర్లు, సర్వర్లు ఇలాంటి లైబ్రరీల మీద నడుస్తూ ఉండగానే, నీరు ఒక్క క్షణం ఆగకుండానే, తలుపులు మార్చాలి. అందువల్ల మార్చిన తలుపు సరిగ్గా ఉందో లేదో ముందే తేల్చుకోవడం, అంటే పరీక్షించడం, మా పనిలో ప్రధాన భాగం. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

మొదట ఈ పరీక్ష మిగతా సాఫ్ట్‌వేర్ పరీక్షల వంటిది ఎందుకు కాదో చెప్పాలి. జీతాల లెక్క తప్పితే ఒకటో తారీఖున ఉద్యోగులే గొడవ చేస్తారు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో కాటా తేడా చూపితే, ఇంటి దగ్గర తూచుకుని వచ్చిన రైతు అక్కడికక్కడే నిలదీస్తాడు. క్రిప్టోగ్రఫీ తప్పితే నోరెత్తే వారుండరు. బలమైన కీతో (మరుగుపరచడానికి, విప్పడానికి వాడే రహస్య సంఖ్యతో) మరుగుపరిచిన సందేశమూ, పిల్లవాడు కూడా ఊహించగల కీతో మరుగుపరిచిన సందేశమూ కంటికి ఒకేలా అర్థంలేని బైట్ల వరుసగానే కనిపిస్తాయి. రెండూ అవతలివైపు చక్కగా విప్పుకుంటాయి. వాడేవారికి రెండూ పనిచేస్తున్నట్లే ఉంటాయి.

ఇది ఊహాగానం కాదు. 2006లో డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే క్రిప్టోగ్రఫీ లైబ్రరీ ప్యాకేజీని చూసేవారు వాల్‌గ్రైండ్ అనే మెమరీ తనిఖీ పనిముట్టు చేస్తున్న ఫిర్యాదులను ఆపడానికి, యాదృచ్ఛిక సంఖ్యల విభాగంలో రెండు వరుసలను పక్కనపెట్టారు. వాటిలో ఒకటి విత్తనంలోకి, అంటే యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టే మూల విలువలోకి, యాదృచ్ఛికతను కలిపే వరుస. అది పోయాక విత్తనంలో మారేది, నడిచే ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది. అప్పటి లినక్స్‌లో అది మామూలుగా 32,768కి మించదు. అంటే ఒక రకం యంత్రం మీద, ఒక పరిమాణంలో తయారయ్యే కీలన్నిటినీ ఎవరైనా ముందే తయారుచేసి జాబితాగా పెట్టుకోవచ్చు. 2008 మేలో బయటపడేదాకా, దాదాపు రెండేళ్లు, ఆ కీలతోనే సర్వర్లు నడిచాయి. వాడుతున్నవారి పనికి ఎక్కడా అంతరాయం కలగలేదు. ఆ మార్పు చేసినవారు అజాగ్రత్తపరులని నేను అనను. వారు మార్చే ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వారిని అడిగే చేశారు. లేనిది మనిషి కాదు, పరీక్ష. వేర్వేరు ప్రాసెస్‌లలో లక్ష కీలు తయారుచేసి వాటిలో రెండు ఒకేలా ఉన్నాయా అని చూసే చిన్న ప్రోగ్రామ్ ఉండి ఉంటే అది మొదటి రోజే కేక పెట్టేది.

ఇక పరీక్షల్లో అందరికీ తెలిసిన రకం, జవాబు ముందే తెలిసిన పరీక్ష. ఏఈఎస్ అనే మరుగుపరిచే పద్ధతి ప్రమాణాన్ని 2001లో ప్రకటించినప్పుడు, ఫలానా కీతో ఫలానా సందేశాన్ని మరుగుపరిస్తే ఫలానా ఫలితం రావాలని అందులోనే ఉదాహరణలిచ్చారు. వీటిని టెస్ట్ వెక్టర్లంటారు. ఇవి కావాలి, తప్పదు. అయితే ఇది కాటా మీద యాభై కిలోల రాయి ఒక్కటి పెట్టి చూడటం వంటిది. యాభై దగ్గర సరిగ్గా చూపే కాటా ఎనభై దగ్గర ఏం చూపుతుందో ఆ రాయి చెప్పదు; కాటా మీద ఏమీ పెట్టకపోతే ముల్లు ఎక్కడ నిలుస్తుందో అసలే చెప్పదు.

ఏమీ పెట్టకపోతే అన్నమాట ఊరికే అనలేదు. ఈసీడీఎస్‌ఏ అనే పద్ధతిలో డిజిటల్ సంతకం, అంటే సందేశం ఫలానావారిదేనని రుజువు చేసేది, రెండు సంఖ్యల జత. ఆ రెండూ సున్నా కాకూడదని, సరిచూసేటప్పుడు అది మొట్టమొదట గమనించాలని ప్రమాణంలో స్పష్టంగా ఉంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాష 15వ వెర్షన్‌లో ఈ భాగాన్ని సీ++ నుంచి జావాలోకి తిరగరాసినప్పుడు ఆ తనిఖీ రాలేదు. రెండు సున్నాలు పెడితే సమీకరణం రెండు వైపులా సున్నా అయి, ఎవరి పేరున ఏ సందేశానికైనా సంతకం చెల్లుతుంది. తెల్లకాగితం చూపిస్తే లాకు తలుపు తెరిచినట్లు! 2022 ఏప్రిల్‌లో దిద్దేదాకా అది అలాగే ఉంది. సరైన సంతకాలను సరైనవని చెప్పే పరీక్షలు ఎన్ని వేల సార్లు నడిపినా ఇది దొరకదు, ఎందుకంటే సరైన సంతకాల విషయంలో ఆ కోడ్‌లో ఏ తప్పూ లేదు. గూగుల్ వారు 2016లో విడుదల చేసిన వైచ్‌ప్రూఫ్ అనే పరీక్షల సంపుటిలో సరిగ్గా ఇలాంటి సున్నా సంతకాల కేసులున్నాయి. తెలిసిన దాడులను, పాత లైబ్రరీలు చేసిన తప్పులను ఏరి కూర్చిన సంపుటి అది. అన్నట్టు, వైచ్‌ప్రూఫ్ అనేది ఆస్ట్రేలియాలో ప్రపంచంలోకెల్లా చిన్న పర్వతంగా పేరుపడ్డ గుట్ట. ఎక్కగలిగిన కొండ ముందు ఎక్కుదామని ఆ పేరు పెట్టుకున్నారు. చదునైన ఈ డెల్టాలో పుట్టినవాడిగా నాకు ఆ ఆలోచన బాగా నచ్చింది.

నా దగ్గరకు కొత్త కోడ్ వచ్చినప్పుడు, దాంతో వచ్చిన పరీక్షల్లో "ఒప్పుకోవాలి" అనేవి ఎన్ని, "తిరస్కరించాలి" అనేవి ఎన్ని అని లెక్కపెడతాను. రెండో రకం తక్కువగా ఉంటే తిరిగి పంపుతాను. ఇందువల్ల కొందరికి నామీద కోపం కూడా ఉంది.

తిరస్కరించవలసినవన్నీ మనుషులు కూర్చుని ఊహించలేరు కనుక, యంత్రంతో వంకర ఇన్‌పుట్‌లు కోట్ల సంఖ్యలో తయారుచేయించి కోడ్ మీదికి వదిలే ఫజింగ్ ఉంది. వెబ్‌సైట్ల గుర్తింపు పత్రాలైన సర్టిఫికెట్లు చదివే కోడ్ వంటి చోట్ల అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గణితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాని శక్తి చాలదు. ఇది కొంచెం వివరంగా చెప్పదగ్గ విషయం.

పెద్ద సంఖ్యలను యంత్రం 64 బిట్ల ముక్కలుగా దాచుకుంటుంది; ముక్కలను గుణించి కూడేటప్పుడు ఒక ముక్క నుంచి పై ముక్కకు మిగులు మోయాలి, చిన్నప్పుడు మనం కూడికల్లో "చేతిలో ఒకటి" అనుకున్నట్లే. ఆ మిగులు ఒకచోట జారిపోతే జవాబు తప్పుతుంది. కానీ ఆ చోటికి మిగులు వచ్చే సందర్భమే అత్యంత అరుదుగా ఉండవచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో పెద్ద సంఖ్యల వర్గాన్ని లెక్కించే బీఎన్_ఎస్‌క్యూఆర్ అనే ఫంక్షన్‌లో ఇలాంటి తప్పుండేది. మామూలు యాదృచ్ఛిక సంఖ్యలిస్తే, సాధారణ 64-బిట్ యంత్రాల మీద అది బయటపడే అవకాశం 2 యొక్క 128వ ఘాతంలో ఒకటి. సృష్టి మొదలైన నాటి నుంచి పరీక్షిస్తూ కూర్చున్నా కనిపించేది కాదన్నమాట. మరి ఎలా దొరికింది? బిట్‌కాయిన్ కోసం వేరొక లైబ్రరీ రాస్తున్నవారు, తమ కోడ్‌ను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పోల్చి చూసుకునేటప్పుడు, మామూలు యాదృచ్ఛిక సంఖ్యలకు బదులు వరుసగా ఒకట్లూ, వరుసగా సున్నాలూ పొడవుగా ఉండే సంఖ్యలను వాడారు. అలాంటి సంఖ్యల్లో మిగులు ఒక ముక్క నుంచి మరో ముక్కకు ఆగకుండా పొర్లుతుంది. వారు వెతుకుతున్నది తమ కోడ్‌లో తప్పు; దొరికింది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో. 2015 జనవరిలో దాన్ని సరిచేశారు. ఈ ఉదంతం చదివాక మా పరీక్షల్లో సంఖ్యలు తయారుచేసే భాగాన్ని నేను పూర్తిగా మార్చి రాశాను. యాదృచ్ఛికం అంటే నిష్పక్షపాతం అని మనం అనుకుంటాం. గట్టు మీద తిరిగే మనిషి మాత్రం అడుగడుగూ సమానంగా చూడడు, ఎలుక బొరియలు పడేచోట, తూము కట్టడం మట్టిని కలిసేచోట ఎక్కువసేపు నిలబడతాడు.

అంతకన్నా గట్టి మార్గం, కోడ్ అన్ని ఇన్‌పుట్‌లకూ సరైనదని గణితపరంగా నిరూపించడం. హెచ్‌ఏసీఎల్ స్టార్ అనే ప్రాజెక్టులో ఇలా నిరూపించిన కోడ్‌ను ఫైర్‌ఫాక్స్ 2017 నుంచి వాడుతోంది. అయితే నిరూపణ కూడా మనం రాసుకున్న నిర్వచనానికే బద్ధమై ఉంటుంది. జవాబు సరైనదని నిరూపిస్తే, ఆ జవాబుకు ఎంత సమయం పట్టిందో దానిలోకి రాదు, ప్రత్యేకంగా చేర్చితే తప్ప.

సమయం ఎందుకు ముఖ్యమో చూడండి. సందేశం దారిలో మారలేదని చూపే 16 బైట్ల ధ్రువీకరణ సంకేతాన్ని సరిచూసే కోడ్, వరుసగా చూస్తూ ఒక బైటు తప్పగానే ఆగిపోతుందనుకుందాం. ఎదుటివాడు మొదటి బైటుకు 256 విలువలూ ప్రయత్నించి, ఏది రవ్వంత ఆలస్యమైందో చూసి, అది పట్టుకుని రెండో బైటుకు వెళతాడు. 2 యొక్క 128వ ఘాతం ప్రయత్నాలు కావలసిన పని, సూత్రప్రాయంగా, 4,096 ప్రయత్నాల్లో అయిపోతుంది. కొలతల్లో కలిసే గోల వల్ల ప్రతిదీ మళ్లీ మళ్లీ కొలవాల్సి వచ్చినా అది వీలుపడే పనే. పాల్ కోచర్ 1996లోనే కాలాన్ని కొలిచి కీలు రాబట్టవచ్చని చూపారు; 2003లో బ్రమ్లీ, బోనే నెట్‌వర్క్ అవతలి నుంచి కూడా అది సాధ్యమని చూపారు. కాబట్టి రహస్యాన్ని బట్టి దారి మారే షరతులు, రహస్యాన్ని బట్టి మెమరీలో వేర్వేరు చోట్లు చూసే పట్టికలు కోడ్‌లో ఉండకూడదు. దీన్ని స్థిరకాల కోడ్ అంటాం.

రాయడం ఒక ఎత్తు, అలా ఉందని తేల్చుకోవడం ఒక ఎత్తు. 2010లో ఆడమ్ లాంగ్లీ ఒక చమత్కారమైన ఉపాయం పట్టారు. విలువ పెట్టని మెమరీని బట్టి ప్రోగ్రామ్ దారి మారితే వాల్‌గ్రైండ్ ఫిర్యాదు చేస్తుంది కదా. రహస్య కీని విలువ పెట్టని మెమరీగా దానికి చూపితే, కీని బట్టి దారి మారిన ప్రతిచోటా అదే కేక పెడుతుంది! డెబియన్‌లో ఏ పనిముట్టు నోరు మూయించబోయి కీలు పోగొట్టుకున్నారో, ఆ పనిముట్టే ఇప్పుడు కీలకు కాపలా. మా లైబ్రరీలో ప్రతి మార్పు మీదా ఈ పరీక్ష నడుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ పరీక్ష నడిచేది మనం రాసిన కోడ్ మీద కాదు, కంపైలర్ (మన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) తయారుచేసిన కోడ్ మీద. 2024లో, క్వాంటమ్ కంప్యూటర్లను తట్టుకునేలా రూపొందించిన కైబర్ పద్ధతి మూలకోడ్‌లో, షరతే లేకుండా జాగ్రత్తగా రాసిన ఒక భాగాన్ని క్లాంగ్ కంపైలర్ తన తెలివితో షరతుగా మార్చేసిందని కనుగొన్నారు. అంతకుముందు 2023 డిసెంబరులో అదే కైబర్‌లో 3329తో చేసే భాగహారానికి విలువను బట్టి సమయం మారవచ్చని తేలింది. ఆ పద్ధతే కొద్ది మార్పులతో 2024 ఆగస్టులో ఎంఎల్-కెమ్ పేరుతో అమెరికా ప్రమాణమైంది కనుక, అందరూ దాన్ని చేర్చుకుంటున్నారు. అందువల్ల ఒక కంపైలర్‌తో ఒకసారి పరీక్షించి ఊరుకోవడం కుదరదు; కొత్త కంపైలర్ వచ్చినప్పుడల్లా, మనం ఒక్క అక్షరం మార్చకపోయినా, మన కోడ్ మారినట్లే లెక్క.

వాల్‌గ్రైండ్ మూడోసారి కూడా కథలోకి వస్తుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు సర్వర్లలోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు అర సెకను అదనంగా పట్టడం, దానితోపాటు వాల్‌గ్రైండ్ ఫిర్యాదులు గమనించి, వదలకుండా వెతికి పట్టుకున్నారు. ఆ దొంగ కోడ్‌ను ఎక్కడ దాచారో తెలుసా? పరీక్షల కోసమని పెట్టిన ఫైళ్లలో. పరీక్షల ఫోల్డర్‌ను ఎవరూ చదవరని దాచినవారికి బాగా తెలుసు. అప్పటి నుంచి మేము మనిషి చదవలేని ఏ పరీక్ష ఫైలునూ చేర్చుకోవడం లేదు. దాన్ని తయారుచేసే ప్రోగ్రామ్ ఇవ్వమంటున్నాం.

నిర్వహణలో మిగిలిన కష్టం పాతదాన్ని తొలగించడం. ఆర్‌సీ4 అనే పాత మరుగుపరిచే పద్ధతిని టీఎల్‌ఎస్‌లో (వెబ్ సంభాషణలను కాపాడే ప్రమాణంలో) వాడరాదని 2015లో నిషేధించారు. ఫైలుకు వేలిముద్ర వంటి సంఖ్యనిచ్చే ఎస్‌హెచ్‌ఏ-1 మీద 2017లో నిజమైన ఢీకొట్టు, అంటే రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే వేలిముద్ర, చూపించారు. అయినా ఇవి గుర్రపుడెక్కలాగా కాలువలో పరుచుకునే ఉంటాయి, ఎందుకంటే లాగబోతే శివారు ఆయకట్టు నుంచి ఫిర్యాదు వస్తుంది: ఎక్కడో పాత యంత్రంలో, మార్చే దిక్కులేని చోట, అది ఇంకా వాడుకలో ఉంటుంది. ఒకసారి నేను పాత పద్ధతిని తొలగించినప్పుడు, మా లైబ్రరీని పైసా ఇవ్వకుండా వాడుకుంటున్న ఒక సంస్థ నుంచి మూడు రోజుల్లో వెనక్కి పెట్టాలని హుకుం లాంటి ఉత్తరం వచ్చింది. నేను పెట్టలేదు, కానీ వచ్చే మార్పును రెండు విడుదలల ముందే చాటించాలన్న పాఠం నేర్చుకున్నాను. డబ్బు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండేళ్లు దాగి ఉండి 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ తప్పు నాటికి, లోకమంతా ఆధారపడిన ఆ లైబ్రరీకి వచ్చే విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు.

మీలో ఎవరైనా ఈ పనిలోకి రావాలనుకుంటే కొత్త అల్గారిథంతో రావద్దు, పరీక్షతో రండి. దాడికి పనికివచ్చే లోపం కనిపిస్తే అందరూ చూసేచోట రాయకుండా, ప్రాజెక్టు భద్రతా చిరునామాకు రహస్యంగా పంపండి. దిద్దిన విడుదల వచ్చేదాకా ఆగండి. మామూలు లోపమైతే దిద్దుబాటునూ, పరీక్షనూ రెండు వేర్వేరు మార్పులుగా పంపండి. నేను ముందు మీ పరీక్షను ఒక్కదాన్నే తీసుకుని, దిద్దని పాత కోడ్ మీద నడుపుతాను. అక్కడ అది విఫలం కావాలి. కాకపోతే మీ దిద్దుబాటు ఎంత బాగున్నా, అసలు తప్పు ఎక్కడుందో మనిద్దరికీ ఇంకా తెలియలేదన్నమాట. అప్పుడు ఇద్దరం కూర్చుని మళ్లీ వెతుకుతాం.